రెండో సమీక్షకులకు జవాబు

మీ ప్రశ్న అందింది.
"పాత తీగల మీద, మీ దగ్గర లేని వేగాన్ని కొలిచామంటున్నారు.
ఇది కొలతా, కనికట్టా?"
కనికట్టే. దాచను.

బిష్కెక్‌లో మా ప్రయోగశాల మూడో అంతస్తు.
కిటికీలోంచి ఆలా-తూ కొండలు కనబడాలి.
నవంబరులో బొగ్గు పొగ కనబడుతుంది.
మాకున్నవి ఎనిమిది యంత్రాలు,
ఒక బ్యాంకు వద్దనుకున్న స్విచ్చి,
సెకనుకు నూరు మెగాబిట్లు దాటని తీగలు.
మీ వ్యాసాల్లో మీరు అలవోకగా రాసే వేగాలు
మాకు పక్కింటి పెళ్లివిందు వాసన.

తీగను తొందరపెట్టలేం.
అందుకని గడియారాన్ని బుజ్జగించాం.
బయట పది సెకన్లు గడిస్తే
ఒక్కటే గడిచిందని యంత్రానికి చెప్పాం.
నమ్మింది.
పాపం, దానికి వేరే కిటికీ లేదు.
అదే తీగ, అవే ప్యాకెట్లు,
లోపల మాత్రం పదింతల వరద.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలి కదా,
ప్రాసెసరుకు పదోవంతు మేతే వేశాం,
దారిలో ఆలస్యాన్ని పదింతలు సాగదీశాం.
"ఒక్కరు నోరు జారినా అయిపోయాం" అన్నారు
మా ఎర్మెక్ జుమాలియెవిచ్, గ్లాసులో టీ చల్లారిపోతుంటే.

జారింది. డిస్కు.
దానికి చెప్పడం మరిచిపోయాం.
ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.
మేం నెమ్మది చేసిన లోకంలో అదొక్కటీ
తన మామూలు నడక నడిచి
పదింతల పరుగులా లెక్కకెక్కింది.
ఏడో పటంలో మీరు గుర్తుపట్టిన వంకర గీత అదే.
చెరపలేదు. కారణం పక్కన రాశాం.

మిగతా గీతలు సరైనవని ఎలా నమ్మాలన్నారు.
ఒక ఫోను కంపెనీ వాళ్లు
ఒక్క రాత్రికి నిజమైన వేగపు తీగలు ఎరువిచ్చారు.
అక్కడా అదే పరీక్ష పెట్టి, రెండు గీతల్నీ
ఒకదాని మీద ఒకటి పరిచి చూశాం.
నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు,
మాకు మూడు శాతం తేడాతో తెలిసింది.

ఇక, ప్రయోగానికి ఎంత కాలం పట్టిందన్నారు.
ఎవరి కాలం?

లోపల మూడు రోజులు.
నవంబరు మూడు, సోమవారం రాత్రి పదింటికి మొదలుపెట్టాం.
కరెంటు పోయినప్పుడల్లా
కాపలా సగిన్‌బాయ్ తాత మెట్లు దిగి
డీజిల్ జనరేటరును తిట్టి లేపేవాడు.
"మీ యంత్రానికి ఇప్పుడు టైమెంత?" అని నన్నడిగి,
చెబితే, "అదృష్టవంతురాలు" అని నవ్వేవాడు.
జేబులోంచి ఒక కురుత్ ఉండ తీసి ఇచ్చేవాడు,
రాయిలా గట్టిది, ఉప్పటిది,
నోట్లో కరిగేసరికి ఒక లాగ్ ఫైలు చదవడం పూర్తయ్యేది.

పన్నెండో రోజు, శనివారం పొద్దున,
కుర్చీలోనే పోయాడు.
వాళ్ల ఇంట్లో బోర్సోక్ వేయించిన నూనె వాసన
పోయినవాళ్ల దాకా వెళ్తుందని మా వాళ్ల నమ్మకం.
నేనూ పిండి ఒత్తాను.
అప్పటికి లోపల బుధవారం
ఇంకా తెల్లవారలేదు.

డిసెంబరు మూడున ప్రయోగం ముగిసింది.
లాగ్‌లో చివరి వరుస తారీఖు: నవంబరు ఆరు.
ఆ తారీఖుకి తాతకి
ఇంకా తొమ్మిది రోజులుంది.

గడియారాన్ని సరిచేసే ఆదేశం
ఒక్క వరుసే.
టైపు చేసి, ఎంటర్ నొక్కకుండా
టీ పెట్టుకోవడానికి వెళ్లాను.
ఇది మీ ప్రశ్నకు సంబంధించింది కాదు.
చివరి ప్రతిలో తీసేస్తాను.

డిస్కుకు ఇప్పుడు చెప్పాం.
రేపు రాత్రి పదింటికి మళ్లీ మొదలు.
మరో ముప్పై రోజులు గడువు కోరుతున్నాం.
ఈసారి జనరేటరు పక్కన
నేనే పడుకుంటున్నాను.

— బెగాయిమ్